సోమవారం మందు

స్పిరిట్ దీపం మీద స్లైడు వేడెక్కి, దాని మీద పోసిన ఎర్ర రంగులోంచి సన్నగా ఆవిరి లేచేటప్పుడు ఒక వాసన వస్తుంది. ఫినాయిలు వాసనకు దగ్గరగా ఉంటుంది గాని అంతకంటే ఘాటు. ముక్కులో కాదు, గొంతులో తగులుతుంది. ఈ రోజుల్లో మా ల్యాబుల్లో ఆ వాసన తక్కువైపోయింది. ఇప్పుడు టీబీ ఉందో లేదో మెషినే చెప్పేస్తోంది. మొన్న గద్వాలలో కొత్తగా చేరిన నలుగురు టెక్నీషియన్లకు పాత పద్ధతి కూడా తెలిసి ఉండాలని నేనే దీపం వెలిగించి చూపించాను. ఆవిరి లేవగానే ఒకమ్మాయి చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నాకు మాత్రం ఆ వాసనతో పాటు దేవమ్మ వచ్చి పక్కన నిలబడినట్టయింది. కాసేపు ఏం చెబుతున్నానో మరిచిపోయి స్లైడు మాడబెట్టాను. పిల్లలు నవ్వారు.

దేవమ్మ పెద్ద చదువు చదివిన మనిషి కాదు. మూడో తరగతి దాకా చదువుకుని, అంగన్‌వాడీలో ఆయాగా చేసేది. ఊడవడం, పిల్లలకు ఉప్మా వండిపెట్టడం, వాళ్ల ముక్కులు తుడవడం ఆమె పని. కాని నా ఉద్యోగం నాకు నేర్పింది ఎవరని అడిగితే కాలేజీలో పాఠం చెప్పిన సార్ల కంటే ముందు ఆమె పేరే చెబుతాను. ఇరవయ్యేళ్ల కిందటి మాట. అప్పటికి జిల్లాలు ఇన్ని కాలేదు, అంతా పాలమూరే. నాది వనపర్తి. వీపనగండ్ల వైపు ఒక చిన్న దవాఖానలో కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. ఇరవై మూడేళ్లు, డిప్లొమాలో ఫస్టు క్లాసు, దానికి తగ్గ పొగరు. పొద్దున్నే బస్సు దిగి తెల్లకోటు వేసుకుంటే నేలమీద నడుస్తున్నట్టే ఉండేది కాదు.

టీబీ మందును రోగి చేతికి ఇచ్చి పంపకుండా, ఊళ్లోనే ఒకరి దగ్గర పెట్టి, వాళ్ల కళ్లముందే మింగించే పద్ధతి మా వైపు ఊళ్లకు అప్పుడప్పుడే వస్తోంది. ఒక్కో రోగికి ఒక్కో అట్ట డబ్బా, దాని మీద పేరు. మొదటి రెండు నెలలు సోమ, బుధ, శుక్రవారాలు పూటకు ఏడు మాత్రలు. ఆ తర్వాత తెమడలో పురుగు లేదని తేలితే నాలుగు నెలల పాటు తక్కువ మాత్రలు. మందు వేసే బాధ్యత ఒక ఊళ్లో కిరాణా కొట్టాయన తీసుకుంటే, ఇంకో ఊళ్లో పోస్టుమాన్ తీసుకున్నాడు. దేవమ్మ తమ ఊరికి తానే చేస్తానని ముందుకు వచ్చింది. ఆమె భర్త బొంబాయిలో మట్టి పనికి పోయి ఈ రోగం తెచ్చుకుని, సూదులు సగంలో మానేసి చనిపోయాడు. ఆ సంగతి ఆమె నాకు చాలా రోజుల తర్వాత గాని చెప్పలేదు.

ఆమెకూ నాకూ పరిచయం మంచిగా మొదలు కాలేదు. ఆ ఊరి నుంచి నర్సింహులు అనే రైతు వచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, మూడెకరాల మెట్ట, ఆముదాలు వేసేవాడు. అతని బిడ్డ అంగన్‌వాడీకి వస్తుంది. ఆ పిల్లను దించడానికి వచ్చినప్పుడల్లా గోడ పట్టుకుని దగ్గడం చూసి దేవమ్మే అతన్ని పరీక్షకు పంపింది. నేను చేతికి డబ్బా ఇచ్చాను, అతను సిగ్గుపడుతూ అందులో ఉమ్మి తెచ్చాడు. మర్నాడు పొద్దున ఇంటి నుంచి తెచ్చిందీ, వచ్చాక మళ్లీ ఇక్కడ ఇచ్చిందీ అంతే. మూడు స్లైడులూ చూశాను, ఏమీ లేదు. 'లేదు' అని రాసి, దగ్గు మందు ఇప్పించి పంపాను. మూడో రోజు మొదటి బస్సుకే దేవమ్మ దిగింది. చేతిలో గుడ్డసంచి, సంచిలో ప్లాస్టిక్ కవరు, కవరులో డబ్బా.

"నువ్వేనా బిడ్డా ల్యాబు సూసేది?" అంది. "నిన్న నువ్వు సూసింది తెమడ గాదు, ఉమ్మి. ఉమ్మిల రోగం ఎతికితె యాడ దొర్కుతది? బండమీద చేపలు వట్టినట్టు."

నాకు ఒళ్లు మండింది. "నా పని నాకు తెలుసు ఆయా, అక్కడ పెట్టి పో" అన్నాను. ఆమె పెట్టింది గాని పోలేదు. గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుంది. తెల్లవారకముందే నర్సింహులు ఇంటికి పోయి, ఏమీ తినకముందు నోరు పుక్కిలించమని, ఆరుబయట నిలబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చి లోపలి నుంచి దగ్గమని, వచ్చేదాకా అతన్ని వదల్లేదట. విసుగ్గానే స్లైడు వేశాను. మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. నీలం రంగు మీద సన్నని ఎర్ర పుల్లల్లా టీబీ పురుగులు, ఒకటీ రెండూ కాదు, ఎటు జరిపినా అవే. ఆ మనిషిని నేను దగ్గు మందుతో ఇంటికి పంపాను. ఇంట్లో మూడేళ్ల పిల్ల ఉంది. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఆమె కాగితం తీసుకుని "డాక్టర్ సారుకు సూపిస్త" అని వెళ్లిపోయింది. నా తప్పు గురించి ఆ రోజు గాని, తర్వాత గాని ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, నేను కొంచెం తేలికపడేదాన్ని.

ఆ బరువుతోనే కాబోలు, మూడు వారాల తర్వాత ఒక బుధవారం ఆ ఊరికి పోయాను. అంగన్‌వాడీ గదికి కొత్తగా సున్నం వేశారు. నర్సింహులు గడప బయట గొంతుక్కూర్చుని ఉన్నాడు. దేవమ్మ ముందు అతని చేతిలో గుప్పెడు ఉప్మా పెట్టింది. "గిది తిను, ఉత్త కడుపుల మందు వోతె తిప్పుతది." తర్వాత ఒక్కొక్క మాత్రే చేతిలో పెట్టి, నీళ్లు అందించి, మింగాక ఇంకొకటి. మొదటి రోజే మూత్రం ఎర్రగా వస్తుందని, రక్తం కాదు మందు రంగేనని చెప్పి ఉంచిందట. లేకపోతే భయపడి ఆ రోజే మానేసేవాడు. అతను తలవంచుకుని మింగి, దండం పెట్టి వెళ్లాడు. మనిషి పెద్దగా మాట్లాడే రకం కాదు. అతను పోగానే దేవమ్మ నన్ను వెనక్కి తీసుకుపోయి గోడ చూపించి తిట్టడం మొదలుపెట్టింది. కొత్త సున్నం మీద, నేలకు జానెడు ఎత్తున, ఎర్రటి మరకలు.

"సూడు, ఎవడో పాన్ తిని ఉమ్ముతుండు. ఎన్నిసార్లు కడిగినా మల్ల గట్లనే. దొరికిండంటె ఆని నోట్లెనే సున్నం వోస్త."

నేను నవ్వాను. ఆ మరకలు ఏమిటో నాకూ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. ఎర్ర రంగు కోసం రోజూ వెతికే ఉద్యోగం నాది అని ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రెండు నెలలు గడిచాయి. నర్సింహులుకు దగ్గు తగ్గింది, బువ్వ సయిస్తోంది, బుగ్గలు కొంచెం నిండాయి. మళ్లీ తెమడ పరీక్ష. దేవమ్మ తనే తెచ్చి, ఆ బల్ల మీదే కూర్చుంది. అప్పటికి నేను ఆమెను పెద్దమ్మా అని పిలుస్తున్నాను. ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. పై ఆఫీసు మీటింగుల్లో ఏ ఊళ్లో ఎంతమందికి నయమైందో చదివేవాళ్లు. దేవమ్మ ఊరి పేరు వస్తే నాకే గొప్పగా ఉండేది. అంతకుముందు ఆమె చేతి మీదుగా మందు వాడిన ఇద్దరికీ రెండు నెలలకే పురుగు పోయింది. నర్సింహులు స్లైడు కూడా అట్లాగే ఉంటుందనుకుని చూశాను. నూరు చోట్ల చూడాలి. చూశాను. నాలుగు కనిపించాయి. నూరు చోట్ల వెతికితే నాలుగే నాలుగు పుల్లలు. రంగు సరిగ్గా కడగలేదేమో, మరకలేమో అనుకున్నాను. కాదని నాకు తెలుసు.

బయటికి వచ్చి, "పెద్దమ్మా, దాదాపు పోయినట్టే. లేదని రాసేస్తున్నా" అన్నాను.

"దాదాపు అంటె ఏంది?" అంది.

"నాలుగు కనిపించినయి. అంతే. నాలుగు రోజుల్లో అవీ పోతాయి. ఉందని రాస్తే ఇంకో నెల ఏడు మాత్రలు. పైగా నువ్వు మందు సరిగ్గా వేయలేదంటారు. నీకు చెడ్డ పేరు."

ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా కాదు, జాలిగా చూసింది. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

"నా పేరుకేమైతది బిడ్డా? నా పేరు రేషన్ కార్డుల తప్ప యాడ రాసున్నది? మా ఆయన గూడ దాదాపు బాగైండు. కోడిని కోసుకొని తిన్నం. సూదులెందుకింక అని బందువెట్టినం. ఆరు నెలలకు మట్టి ఇచ్చినం." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాలుగు కనవడితె నాలుగే రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి. ఎందుకున్నయో నేను సూస్త."

రాశాను. ఆమె భర్త సంగతి నేను విన్నది అప్పుడే.

తర్వాత జరిగింది నేను చూడలేదు, ఆమే చెప్పింది. బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆలోచించిందట. వారానికి మూడు పూటల్లో ఎక్కడా నాగా లేదు, ఎదురుగానే మింగుతున్నాడు, మరి పురుగు ఎందుకు చావలేదు? దిగి నేరుగా పోయి గోడ చూసింది. అది పాన్ కాదు, మందు రంగని అప్పుడు లెక్క కుదిరింది. ఆ మరక ఎప్పుడూ మంగళవారం ఊడ్చేటప్పుడే కనబడేది. వచ్చే సోమవారం నర్సింహులు రాకముందే ఆమె గది వెనకకు పోయి నిలబడింది, మందు అంగన్‌వాడీ టీచరమ్మ చేత ఇప్పించింది. అతను ఉప్మా వద్దన్నాడు, ఇంట్లో తిన్నానన్నాడు. మాత్రలు నోట్లో వేసుకున్నాడు, నీళ్లు పోసుకున్నాడు, దండం పెట్టాడు, మెల్లగా గోడ వెనక్కి వచ్చాడు. దవడలోంచి ఏడు మాత్రలూ నీళ్లతో సహా గోడ మొదట్లో ఉమ్మాడు. కాలితో మాత్రల మీద మట్టి కప్పి తలెత్తితే ఎదురుగా దేవమ్మ.

"ఇన్ని సోమవారాలు నా గోడకు తాపినవా మందు?" అందట. "నా గోడకు రోగం తగ్గింది నర్సింహులూ, నీకు తగ్గలే."

అతను అక్కడే కూలబడి ఏడ్చాడు. రోగమని తెలిసిన రోజు సోమశిల గుడికి పోయి మొక్కుకున్నాడట. దగ్గు పోయేదాకా సోమవారం ఒక్కపొద్దు ఉంటానని, దీపం ముట్టించేదాకా నోరు ఎంగిలి చేయనని. మొక్కు బయటికి చెబితే ఫలం పోతుందని పెళ్లానికి తప్ప ఎవరికీ చెప్పలేదు. దేవమ్మకు అసలే చెప్పలేకపోయాడు, ఆమె చర్చికి పోయే మనిషి, ఏమంటుందో అని. బుధ, శుక్రవారాలు నిజంగానే మింగాడు. బతకాలని మొక్కిన మొక్కే అతని మందుకు అడ్డం పడింది.

ఇదంతా విని నేను మండిపడ్డాను. "బుద్ధి లేదా ఆ మనిషికి?" అన్నాను. మళ్లీ తెలివైనదాన్ని కదా, "పోనీ మంగళ, గురు, శనివారాలు వేద్దాం" అన్నాను.

దేవమ్మ నవ్వింది. "శనివారం వాళ్లింట్ల హన్మంతునిది. ఏ వారమైతె దేవుడు లేడు బిడ్డా? వారం మార్చుడు గాదు. పూట మారిస్తె అయిపోతది. దీపం ముట్టిచ్చినంక తింటడు గద, అప్పుడేస్త."

ఆ తర్వాతి సోమవారం నుంచి సాయంత్రం పూట డబ్బా కొంగు కింద పట్టుకుని ఆమే అతని ఇంటికి పోయింది. ఒకసారి నేనూ వెంట పోయాను. పొద్దు వాలింది, గొడ్లు ఇళ్లకు వస్తున్నాయి. నర్సింహులు స్నానం చేసి తడి తలతో ఉన్నాడు. అతని భార్య ఎల్లమ్మ గూట్లో దీపం ముట్టించింది. దేవమ్మ బయటి అరుగు మీద కూర్చుంది. దీపం వైపు చూడలేదు, దానికి వీపూ పెట్టలేదు, పక్కకు తిరిగి వాకిట్లో పిల్లను ఆడిస్తూ కూర్చుంది. అతను దండం పెట్టుకుని, జొన్నరొట్టె, చింతాకు పప్పు తిని బయటికి వచ్చాడు. ఒక్కొక్కటే ఏడు మాత్రలు. ఏడోది అయ్యాక, "ఆ అను" అంది. పిల్లలకు చూసినట్టే నాలుక కింద, దవడల్లో చూసింది. అతనికి నవ్వొచ్చింది. అతను నవ్వగా చూడటం నాకు అదే మొదలు. ఆ రోజు బస్సు తప్పిపోయి నేను దేవమ్మ ఇంట్లోనే తిని పడుకున్నాను. వాళ్ల వాడలో మా వాళ్లు నీళ్లు కూడా తాగరు. నేను ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆమెకు ఇది తేలిగ్గా జరగలేదు. సోమవారం సాయంత్రం వాళ్ల ఆడవాళ్ల ప్రార్థన కూడిక. మొదటి పాట నుంచి చివరి ప్రార్థన దాకా ముందు వరసలో కూర్చునే మనిషి, ఇప్పుడు సగంలో వచ్చి గుమ్మం దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. మొక్కున్న ఇంట్లో దీపం కోసం కాచుకుని కూర్చుంటుందట, ఇదేం విశ్వాసం అని నలుగురూ నాలుగు మాటలన్నారు. నేను అడిగితే, "దీపం ముట్టిచ్చేది ఆమె, మందేసేది నేను. ఎవరి పని వాల్లది. ఆలస్యమైతె దేవునికి తెల్వదా నేను యాడ ఉన్ననో?" అంది. ఇంకో నెల పెరిగిన ఏడు మాత్రల కాలం అయిపోయాక, వారానికి ఒక్కసారి ఎదురుగా మింగితే చాలు, మిగతావి ఇంట్లో వేసుకోవచ్చని పద్ధతి. ఆమె ఆ ఒక్కసారికి కూడా సోమవారాన్నే పెట్టుకుంది. చివరిదాకా కూడికకు ఆలస్యంగానే పోయింది.

ఆఖరి పరీక్ష రోజు ఆ బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. దేవమ్మ, నర్సింహులు, ఎల్లమ్మ. ఎల్లమ్మ ఒడిలో పిల్ల నాలుగో మనిషి. నేను నూరు చోట్ల చూశాను. నమ్మకం చాలక ఇంకో నూరు చూశాను. మెడ పట్టేసింది. నీలం తప్ప ఏమీ లేదు. బయటికి వచ్చాను.

"లేదు పెద్దమ్మా."

"దాదాపా?" అంది, కళ్లు చిన్నవి చేసుకుని.

"దాదాపు కాదు. లేదు."

ఆమె పిల్లను ఎల్లమ్మ ఒడిలోంచి తీసుకుని గట్టిగా హత్తుకుంది. అంత సంతోషం నా ఉద్యోగంలో అంతకుముందు ఎరగను.

తర్వాతి సోమవారం నర్సింహులు మొక్కు తీర్చుకోవడానికి సోమశిల పోయాడు. మర్నాడు అంగన్‌వాడీకి వచ్చాడు. ఆ రోజు నేను మందు కార్డుల పనిమీద అక్కడే ఉన్నాను. అతని చేతిలో ఒక కొబ్బరికాయ, పీచుతో, పగలగొట్టనిది. దేవమ్మ ప్రసాదం తినదని ఊరందరికీ తెలుసు. ఎవరైనా పెడితే నొప్పించకుండా తప్పుకునేది. నేను రాస్తున్నది ఆపి చూస్తున్నాను.

"ఇది దేవునికి సూపియ్యలే పెద్దమ్మా" అన్నాడు అతను. ఆ మనిషి అంత మాట్లాడగా నేను వినలేదు. "రెండు కాయలు కొన్న. ఒకటి ఆయనది, ఒకటి నీది. నీది ఏరే సంచిల వెట్టిన. గుడి మెట్లు గూడ ఎక్కియ్యలే. కింద ఏటి కాడ పుట్టి నడిపేటోనికి ఇచ్చి, మల్ల దిగినంక తీస్కొచ్చిన. నువ్వు తినొచ్చు."

దేవమ్మ రెండు చేతులూ చాపి అందుకుంది. గడప రాయి మీద తనే కొట్టింది, నీళ్లు పిల్లల గ్లాసుల్లో పోసింది, ముక్కలు చేసి పిల్లలకు పంచింది, నాకు ఒకటి పెట్టింది, నర్సింహులుకు ఒకటి పెట్టింది. చివరి ముక్క తన నోట్లో వేసుకుని, నమిలి మింగి, అతని వైపు తిరిగి నోరు తెరిచి చూపించింది. "సూడు, మింగిన. దవడల దాసుకోలే." అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

నేను తర్వాత నాగర్‌కర్నూలు, అక్కడి నుంచి గద్వాల వచ్చాను. ఉద్యోగం పర్మనెంటు అయిన రోజు మా అమ్మకు చెప్పి, రెండో ఫోను అంగన్‌వాడీ టీచరమ్మకు చేసి దేవమ్మను పిలిపించాను. మూడేళ్ల కిందట, ఆమె పోయిందని తెలిసిన రోజే వెళ్లాను. సమాధి దగ్గర పాస్టరు గారు వాక్యం చదువుతుంటే, జనం వెనక తల నెరిసిన నర్సింహులు చెప్పులు విడిచి నిలబడి ఉన్నాడు. పక్కన అతని బిడ్డ, పెళ్లీడు పిల్ల. అది సోమవారం. అతను ఇప్పటికీ ఒక్కపొద్దు ఉంటున్నాడట. మొక్కు ఎప్పుడో తీరింది కదా అంటే, "అలవాటైంది మేడం" అన్నాడు.

ఇప్పుడు మందు రోజూ వేసుకునే పద్ధతి వచ్చింది. అంటే వారంలో ఏ దేవుడి రోజైనా అడ్డం రావచ్చు. ఉపవాసాలు, రోజాలు, శుక్రవారాలు, శనివారాలు అన్నీ ఉన్నాయి. అందుకని మొన్న ఆ నలుగురికీ స్లైడు చూపించడం అయ్యాక, రోగి వస్తే పేరు, ఊరు, వయసు తర్వాత ఒక ప్రశ్న అడగమన్నాను, "ఒక్కపొద్దు ఏ రోజు?" అని. చున్నీ అడ్డం పెట్టుకున్న అమ్మాయి ఫారం అటూ ఇటూ తిప్పి చూసింది.

"మేడం, దీంట్ల గట్లాంటి గడి లేదు."

"లేదు" అన్నాను. "పక్కన అంచుల రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి."